మిగులు ఏది, వృథా ఏది: సోలార్, జనరేటర్, ఐస్ బ్యాంక్‌లలో మీ సంస్థకు ఏది నప్పుతుంది?

మే నెల, ఉదయం తొమ్మిదిన్నర. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మా పాల శీతలీకరణ కేంద్రం షెడ్డు మీద 10 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు నిగనిగలాడుతున్నాయి. కింద కరెంటు లేదు. ట్యాంకు మీటరు 19 డిగ్రీలు చూపిస్తోంది. 4 డిగ్రీలకు దిగాల్సిన పాలు అవి. ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు. కుర్రాడు క్యాను పట్టుకుని బంకుకు పరిగెత్తాడు. మా ప్రెసిడెంటు గారు ఒకసారి పైకి చూసి, ఒకసారి నా వంక చూసి, "ఏమండీ, నెత్తిన ఇంత ఎండ పెట్టుకుని డీజిల్ కోసం పరుగేంటండీ?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ సాయంత్రం ఇన్వర్టర్‌తో వచ్చిన పుస్తకం తీసి చదివితే దొరికింది. గ్రిడ్‌తో, అంటే బయటి కరెంటు లైన్లతో, కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, కావాలనే అలా చేశారు. లైను బంద్ చేసుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన ప్యానెళ్ల కరెంటు వెనక నుంచి కొట్టకూడదు కదా. మాకు అమ్మిన మనిషి ఈ ముక్క చెప్పలేదు. మేమూ అడగలేదు. బిల్లు ఎంత తగ్గుతుందని మాత్రం నాలుగుసార్లు అడిగాం.

సంస్థల విషయంలో రెండు మాటలు ఈ మధ్య జంటగా వినిపిస్తున్నాయి: సుస్థిరత, తేరుకునే శక్తి. ఒకటి ఉంటే రెండోది దానంతటదే వస్తుందన్నట్టు మాట్లాడతారు. మా షెడ్డు మీద మొదటిది ఉంది, షెడ్డు కింద రెండోది లేదు. రేపటిని తినేయకుండా ఈ రోజు పని నడుపుకోవడం సుస్థిరత. దెబ్బ తగిలిన రోజున పని ఆగకుండా చూసుకోవడం, ఆగినా త్వరగా లేవడం తేరుకునే శక్తి. రెండూ కలిసే చోట్లు ఉన్నాయి, కొట్టుకునే చోట్లూ ఉన్నాయి. కొట్టుకునేది దాదాపు ప్రతిసారీ ఒక్క విషయం దగ్గరే: మిగులు. అదనంగా ఉన్న డీజిల్, అదనపు సరుకు, అదనపు మనిషి, అదనపు గంట. ఖర్చు తగ్గించే వాడి కంటికి ఇవన్నీ వృథాగా కనిపిస్తాయి. భయపడే వాడి కంటికి వృథా అంతా మిగులుగా కనిపిస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడమంటే ముందు ఈ రెంటినీ వేరుచేసుకోవడమే. నేను పాల కేంద్రం లెక్కలతోనే చెబుతాను, నాకు తెలిసిన పని అది. క్లినిక్కు, స్కూలు, మిల్లు నడిపేవాళ్లు అంకెలు మార్చుకుంటే చాలు.

మొదట లోడు, తర్వాతే మిషను

ఏది కొనాలి అనే ముందు ఎంత కావాలి అని చూసుకోవాలి. 1,000 లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4కు దించడానికి, కంప్రెసర్ రకాన్నీ ఎండనూ బట్టి, 15 నుంచి 20 యూనిట్ల కరెంటు పడుతుంది. చిన్న జనరేటర్ లీటరు డీజిల్‌కు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. అంటే వెయ్యి లీటర్ల పాలకు ఐదారు లీటర్ల డీజిల్. లీటరు 95 రూపాయల పైన ఉన్నప్పుడు యూనిట్ ఖర్చు 30 రూపాయలు దాటిందన్నమాట. లైన్ కరెంటుతో పోలిస్తే నాలుగు రెట్లు.

మా కంప్రెసర్ వెనకాల వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంది. పక్క గదిలోనే దాణా బస్తాలు. బస్తా దింపిన ప్రతిసారీ తవుడు దుమ్ము లేచి సన్నటి అల్యూమినియం రేకుల మధ్య పేరుకుంటుంది. వేలితో గీస్తే బిస్కెట్ రంగు పొర వచ్చింది. ఎవరూ చూడలేదు, అది గోడ వైపు ఉంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, వెనక నుంచి గాలి కొట్టి, దాణా బస్తాలను వేరే గదికి మార్చాక, అంతకు ముందు మూడున్నర గంటలు పట్టే పని మూడు గంటల లోపే అయింది. ఒక్క మిషనూ కొనలేదు.

సుస్థిరతా తేరుకునే శక్తీ గొడవ పడకుండా కూర్చునే చోట్లలో ముఖ్యమైనది ఇదే అని నా అభిప్రాయం. మామూలు రోజు బిల్లు తగ్గుతుంది. కరెంటు లేని రోజు అదే 20 లీటర్ల డీజిల్ క్యాను ఇంకో పూట వస్తుంది. పాలు ట్యాంకులోకి వెళ్లేముందు బావినీటితో చల్లబరిచే ప్లేట్ కూలర్, ట్యాంకు గది మీద ఎండ పడకుండా పందిరి, పాత ట్యూబులైట్ల బదులు ఎల్‌ఈడీలు: ఇవన్నీ ఈ జాబితాలోవే. ఈ పని చేయకుండా సోలార్ కొంటే పెద్ద సోలార్ కొంటారు, జనరేటర్ కొంటే పెద్ద జనరేటర్ కొంటారు. అమ్మేవాడికి మంచిది.

నాలుగు దారులు

గ్రిడ్‌తో కలిపిన సోలార్ మన రెండు రాష్ట్రాల్లో కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తుంది. నెట్ మీటరింగ్, అంటే మిగిలిన కరెంటును లైనుకు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే వీలు, దొరికితే పగటిపూట ఎక్కువ వాడే సంస్థకు పెట్టుబడి కొన్నేళ్లలో తిరిగి వస్తుంది. సుస్థిరత లెక్కలో దీనికి పోటీ లేదు. కరెంటు పోయిన రోజు లెక్కలో దీనికి వచ్చే మార్కులు సున్నా. కొనేవాళ్లు ఈ సున్నాను కొటేషన్ మీదే రాయించుకోవాలి. తీరంలో ఉన్నవాళ్లు ఇంకోటి కూడా అడగాలి: ఫ్రేము ఎంత గాలికి లెక్కగట్టారు? భవనాల మీద గాలి ఒత్తిడికి మన దేశంలో వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖపట్నం, విజయవాడలకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. యాభై మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన విశాఖ వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. హైదరాబాద్ లెక్కతో బిగించిన ఫ్రేమును భీమిలిలో పెడితే తుపాను రోజున ప్యానెళ్లు పోవడమే కాదు, ఎదురింటి మీద పడతాయి.

డీజిల్ జనరేటర్ దీనికి సరిగ్గా తలకిందులు. మామూలు రోజు దండగ, లీటరు తాగితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పొగ, చప్పుడు. చెడ్డ రోజున మాత్రం డీజిల్ పోస్తున్నంతసేపూ నడుస్తుంది. అయితే దాని మీద నమ్మకం కాస్త ఎక్కువే పెట్టుకుంటాం. అవసరమైన రోజు స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇంజిన్ కాదు, స్టార్టింగ్ బ్యాటరీ. లేదా ఏడాదిగా కదలని డీజిల్‌లో చేరిన నీరు, మడ్డి. లేదా అది ఉన్న చోటు. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చేనాటికి న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రి తన జనరేటర్లను పై అంతస్తుల్లోనే పెట్టుకుంది. వాటికి ఇంధనం తోడే పంపులు మాత్రం నేలమాళిగలో ఉన్నాయి. నీళ్లు వచ్చాయి, పంపులు మునిగాయి, రాత్రికి రాత్రి 300 మంది దాకా రోగులను మెట్ల మీదుగా దింపాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ నేలమీద ఏ జనరేటర్ ఉన్నా, ఏ ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నా ఫలితం ఒకటే. ఏ కారణంతో కరెంటు పోతుందో అదే కారణంతో పోయే రక్షణ రక్షణ కాదు.

బ్యాటరీతో హైబ్రిడ్ సోలార్ అంటే వినడానికి రెండూ దక్కినట్టు ఉంటుంది. ఆఫీసులు, క్లినిక్కులు, కంప్యూటర్ ల్యాబులకు నిజంగానే దక్కుతాయి. లోడు తక్కువ, నిలకడగా ఉంటుంది కాబట్టి. మాలాంటి కంప్రెసర్ల దగ్గర ఇరుకు వస్తుంది. మోటారు లేచే క్షణంలో మామూలుగా లాగే దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం పెద్ద ఇన్వర్టర్ కొనాలి, లేదా మోటారును మెల్లగా లేపే సాఫ్ట్ స్టార్టర్ పెట్టించాలి. మాకు వచ్చిన కొటేషన్ కొత్త జనరేటర్ ధరకు దాదాపు రెట్టింపు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక. కానీ సగం కంటే లోతుగా వాడితే త్వరగా చస్తుంది, నాలుగైదేళ్లకు మళ్లీ కొనాలి. లిథియం ఖరీదు, పదేళ్ల మాట. బ్యాటరీకి పెట్టే డబ్బు బిల్లు తగ్గింపులో తిరిగి రాదని మాత్రం ముందే ఒప్పుకోండి. అది బీమా ప్రీమియం లాంటిది. సోలార్ లాభంలో కలిపేసి చూపించే కాగితాన్ని నమ్మకండి.

నాలుగోది చాలామందికి తట్టదు: చలినే దాచుకోవడం. ఐస్ బ్యాంక్ అంటే గొట్టాల చుట్టూ మంచు కట్టించే నీళ్ల తొట్టి. కరెంటు ఉన్నప్పుడు మంచు కడుతుంది. పాలు వచ్చినప్పుడు ఆ మంచు నీరు తిరిగి పాలను చల్లబరుస్తుంది. వెయ్యి లీటర్ల పాలకు లెక్క ప్రకారం 375 కిలోల మంచు చాలు. పగలు సోలార్ కరెంటుతో కట్టిన మంచు సాయంత్రం పాలకు పనికొస్తుంది, అంటే ఎండను మంచుగా మార్చి దాచుకున్నట్టే. ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. కరెంటు పోయినప్పుడు నడవాల్సింది 6 కిలోవాట్ల కంప్రెసర్ కాదు, నీళ్లు తిప్పే చిన్న పంపూ పాలు కలియబెట్టే మోటారూ మాత్రమే. రెండూ కలిపి కిలోవాట్ దాటవు. ఇంట్లో వాడేలాంటి ఇన్వర్టర్ సరిపోతుంది. లోపాలూ ఉన్నాయి. మంచు కట్టాలంటే కంప్రెసర్ ఇంకా చల్లగా పనిచేయాలి కాబట్టి మామూలు రోజున కరెంటు కొంచెం ఎక్కువే తాగుతుంది. స్థలం కావాలి. రెండు రోజులు వరసగా కరెంటు లేకపోతే మంచు కరిగిపోతుంది, మళ్లీ మొదటికే. ఇది మరీ కొత్త ఊహేమీ కాదు, మీ ఊరి పీహెచ్‌సీలో టీకాలు పెట్టే ఐఎల్‌ఆర్ (లోపలి గోడల వెంట మంచు ఉండే) ఫ్రిజ్ ఈ సూత్రంతోనే నడుస్తుంది. రోజుకు 8 గంటలు కరెంటు ఉంటే లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలబెడుతుంది.

ఇప్పటికే సోలారూ జనరేటరూ రెండూ విడివిడిగా ఉన్నవాళ్లకు ఒక మధ్యేమార్గం ఉంది. జనరేటర్ నడుస్తున్నప్పుడు సోలార్‌ను దానికి జత చేసే కంట్రోలర్ పెట్టించుకుంటే పగటిపూట డీజిల్ బాగా తగ్గుతుంది. జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు ఉంచాలి. సోలార్ కరెంటు వెనక్కి తన్నితే జనరేటర్ పాడవుతుంది. ఈ పని ఊళ్లో వైరింగ్ చేసే అబ్బాయితో చేయించకండి.

ఎవరికి ఏది

నా లెక్కలో మొదటి ప్రశ్న డబ్బు కాదు. మీ దగ్గర పని ఆగితే ఎన్ని గంటలకు సరుకు చస్తుంది, లేదా మనిషికి ప్రమాదం వస్తుంది? వేసవిలో చల్లబరచని పచ్చిపాలకు నాలుగైదు గంటలు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్న రోగికి నిమిషాలు. టైలరింగ్ యూనిట్‌కు రెండు రోజులు ఆగినా బట్ట బట్టలాగే ఉంటుంది.

నిమిషాల్లో నష్టం వచ్చే చోట ముందు బ్యాటరీ, దాని వెనక జనరేటర్. సోలార్ మూడోది. ఆసుపత్రివాళ్లు ముందు సోలార్ పెట్టి ఫొటోలు దిగడం చూస్తే నాకు చిరాకు. గంటల్లో నష్టం వచ్చే చోట, అంటే పాలు, చేపలు, పూలు, ఐస్‌క్రీం, చలిని దాచుకునే పద్ధతి ముందు చూడాలి, చిన్న జనరేటర్ తోడు ఉండాలి. రోజుల్లో నష్టం వచ్చే చోట మాత్రం మొహమాటం లేకుండా గ్రిడ్ సోలార్ పెట్టేసి, ఆగిన రోజు ఆగుదామని నిర్ణయించుకోవచ్చు. స్కూలుకు జనరేటర్ దండగ, ఆఫీసు గదికి ఇన్వర్టర్ చాలు.

రెండో ప్రశ్న: కరెంటు రోజూ గంటేసి పోతుందా, ఏడాదికోసారి వారం పోతుందా? పల్లెలో ఫీడర్ కోతలు మొదటి రకం. వాటికి ఐస్ బ్యాంక్, బ్యాటరీ బంగారం. తుపాను రెండో రకం. దానికి బ్యాటరీ మొదటి సాయంత్రమే చేతులెత్తేస్తుంది, డీజిల్ నిల్వే దిక్కు. అప్పుడు బంకులోనూ కరెంటు ఉండదు, డీజిల్ తోడే పంపూ ఆడదు. హెచ్చరిక వచ్చిన రోజే క్యాన్లు నింపుకోవాలి.

ఇక్కడో పక్కదారి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా చీకటైంది. రెండో రోజున తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయి 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతాల్లో కరెంటు పోయింది. మనకు పోలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు మరి. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ లైనుతో కలిసింది. కలిసాక మన కొరతకు పైనుంచి కరెంటు తెచ్చుకునే వీలు పెరిగింది, పైన పడిపోతే మనమూ ఊగే వీలూ వచ్చింది. కలిసి ఉంటే మిగులు పంచుకోవచ్చు, విడిగా ఉంటే దెబ్బ పంచుకోనక్కర్లేదు. ఏ సహకార సంఘం విలీనం మాట వచ్చినా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

సరుకు: గోడౌన్ నిండా ఉంచాలా, ఖాళీగానా?

నిల్వ తగ్గించడం పొదుపే. పెట్టుబడి ఇరుక్కోదు, సరుకు పాడవదు, పారేసేది తగ్గుతుంది. దీన్ని కళగా మార్చిన సంస్థ టొయోటా. 1997 ఫిబ్రవరి 1న దానికి బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు తయారుచేసే ఐసిన్ కంపెనీ కరియా ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ వాల్వు దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. చేతిలో నిల్వ పెద్దగా లేదు. జపాన్‌లో టొయోటా లైన్లు చాలావరకు ఆగిపోయాయి. అయితే అరవైకి పైగా కంపెనీలు, అందులో ఆ వాల్వు ఎప్పుడూ చేయనివి కూడా, డ్రాయింగులు తెచ్చుకుని తలా కాసిని చేసి ఇచ్చాయి. వారం తిరిగేసరికి లైన్లు మళ్లీ కదిలాయి. వాళ్ల మిగులు గోడౌన్లో లేదు, ఏళ్ల తరబడి పెంచుకున్న సంబంధాల్లో ఉంది. 2011 మార్చి భూకంపం తర్వాత ఇంకో మెట్టు ఎక్కారు. మొత్తం నిల్వలు పెంచేయలేదు. దొరక్కపోతే కారే ఆగిపోయే చిప్పుల్లాంటి వాటిని మాత్రం సరఫరాదారుల దగ్గర రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా ఉంచమన్నారు. 2021లో ప్రపంచమంతా చిప్పులు లేక అల్లాడుతుంటే టొయోటా మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం తట్టుకుంది.

అందుకని మా కేంద్రంలో ఇప్పుడు శుభ్రం చేసే సోడా పౌడరు నెలకు మించి ఉంచం. ఎప్పుడైనా దొరుకుతుంది, తడికి గడ్డ కడుతుంది. కంప్రెసర్ కాంటాక్టర్, కెపాసిటర్, ఫ్యాన్ మోటారు, ట్యాంకు వాల్వు గాస్కెట్లు మాత్రం ఒక్కొక్కటి డబ్బాలో పెట్టి పేరు రాసి ఉంచాం. డబ్బా మొత్తం ఖరీదు ఒక్క పూట పాలు విరిగితే పోయే దానికంటే తక్కువ. ఆడిట్‌కు వచ్చినాయన దాన్ని "కదలని సరుకు" అని రాశారు. రాసుకోనివ్వండి.

సరఫరాదారు ఒక్కరా ఇద్దరా అన్నదానికి నోకియా, ఎరిక్సన్ల కథ ఒక్కటి చాలు. 2000 మార్చి 17న అమెరికాలో ఆల్బుకర్కీలోని ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో పిడుగు కారణంగా చిన్న మంట లేచింది. పది నిమిషాల్లో ఆర్పేశారు. పొగా నీళ్లూ కలిసి శుభ్రమైన గదులను పాడుచేశాయి. ఇద్దరూ అక్కడి చిప్పులే కొనేవాళ్లు. నోకియా వెంటనే వేరేచోట్ల వెతుక్కుంది. ఎరిక్సన్‌కు ఆ చిప్పుకు రెండో దారి లేదు, 40 కోట్ల డాలర్ల దాకా నష్టపోయింది. ఇద్దరు సరఫరాదారులంటే ఇద్దరి దగ్గరా సగం సగం కొనాలని కాదు. రెండో అతని దగ్గర ఏడాదికి రెండుసార్లయినా కొనాలి, మీ ఫోను ఎత్తేంత పరిచయం ఉండాలి.

నీటి గురించి ఒక్క మాట. బోరు, ట్యాంకరు రెండూ ఒకే భూగర్భ జలం మీద ఆధారపడితే అవి రెండు దారులు కావు. పైకప్పు వాన నీటి సంపు లాంటిదే నిజమైన రెండోది.

మనుషుల విషయంలో కోత ఇంకా సులువుగా జరుగుతుంది. "ఒక్కడే అన్నీ చూసుకుంటాడండీ" అని గర్వంగా చెప్పే సంస్థలు నాకు చాలా తెలుసు. ఆ ఒక్కడికి జ్వరం వచ్చిన రోజు కంప్యూటర్ పాస్‌వర్డూ, జనరేటర్ గది తాళమూ జ్వరంతోనే ఉంటాయి.

పెద్ద కంపెనీలకు సరుకు అమ్మేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమాల ప్రకారం, లిస్టయిన వాటిలో మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీలు 2022-23 నుంచి తమ సుస్థిరత నివేదిక ఇచ్చి తీరాలి. వాళ్లు తమకు అమ్మేవాళ్లను కరెంటు, డీజిల్ వాడకం అడగడం పెరుగుతోంది. డీజిల్ పద్దు విడిగా రాసి ఉంచండి. జనరేటర్ పెట్టుకున్నందుకు ఎవరూ తప్పుపట్టరు. రోజూ వాడుతుంటే మాత్రం అడుగుతారు.

మేం చివరికి చేసింది ఇది. సోలార్ అలాగే ఉంది. హైబ్రిడ్ కొటేషన్ వెనక్కి పంపాం. సాయంత్రం పాలకు సరిపడా ఐస్ బ్యాంక్ పెట్టించాం, పంపుకూ మోటారుకూ చిన్న ఇన్వర్టర్. పాత జనరేటర్‌ను నేలమీంచి లేపి నాలుగడుగుల దిమ్మె మీద కూర్చోబెట్టాం. ప్రతి సోమవారం పాలు పోయడం అయ్యాక కుర్రాడు మెయిన్ ఆపి, లోడుతో పదిహేను నిమిషాలు నడిపి, గోడ మీద క్యాలెండర్లో టిక్కు పెడతాడు. పోయిన నెల రెండు సోమవారాలు టిక్కు లేదు. అడిగితే, "కరెంటు పోలేదు కదండీ" అన్నాడు.